పాత నోటు మీద కొత్త విలువ: 1960 నాటి ఫ్రెంచ్ నోట్లలో ఏది కొనాలి?

నోటు మీద 1000 ఫ్రాంకులు అని ఉంటుంది. అదే నోటు మీద మళ్లీ 10 కొత్త ఫ్రాంకులు అని ఇంకో అచ్చు. రెండూ నిజమే. ఒక దేశం తన డబ్బు విలువలోంచి రెండు సున్నాలు తీసేసిన రోజుల్లో, కొత్త నోట్లు సరిపడా చేతికి వచ్చేలోపు పాత డిజైన్ మీదే కొత్త విలువ కొట్టి జనంలోకి వదిలిన నోటు అది. విదేశీ నోట్లు సేకరించే మనవాళ్లలో చాలామంది ఫ్రాన్స్ దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. పాత ఫ్రాంకు నోటు కొనాలా, రెండు విలువలున్న ఈ నోటు కొనాలా, కొత్త ఫ్రాంకుది కొనాలా? మూడింటి మీదా ఒకటే బొమ్మ. ధరల్లో మాత్రం చాలా తేడా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్క నోటుకే డబ్బుంటే రెండు విలువలున్న నోటే కొనండి, అది కాస్త నలిగినదైనా సరే. ఎందుకంటున్నానో, ఎవరికి ఈ సలహా సరిపోదో కింద రాశాను.

## ఆ రెండు సున్నాలు ఎలా పోయాయి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో ధరలు ఆగకుండా పెరిగాయి. రోజువారీ ఖర్చులకే వేల ఫ్రాంకులు లెక్కపెట్టాల్సి వచ్చేది. 1958లో జనరల్ డిగోల్ మళ్లీ అధికారంలోకి వచ్చాక, ఆర్థికవేత్త జాక్ రుయెఫ్ తయారుచేసిన ప్రణాళికను ఆర్థికమంత్రి ఆంత్వాన్ పినే చేతిలో పెట్టుకుని ముందుకు వెళ్లారు. ఆ డిసెంబరు చివర్లో ఫ్రాంకు విలువను 17.5 శాతం తగ్గించారు. డిసెంబరు 27 నాటి ఆర్డినెన్స్‌తో కొత్త ఫ్రాంకుకు దారి వేశారు. 1960 జనవరి 1 నుంచి 100 పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు అయ్యాయి. కొత్త ఫ్రాంకుకు ఇచ్చిన అధికారిక విలువ 0.18 గ్రాముల బంగారం. డాలరుకు 4.937 కొత్త ఫ్రాంకులు.

ఇది మన పెద్దవాళ్లకు వెంటనే అర్థమయ్యే విషయం. 1957 ఏప్రిల్ 1న మన దగ్గర అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. 1964లో ఆ ‘నయా’ తీసేసి ఉత్త పైసా అన్నారు. ఫ్రాన్స్‌లోనూ అంతే, 1963 నుంచి ‘కొత్త’ అనే మాట పోయి మళ్లీ ఉత్త ఫ్రాంకే మిగిలింది. మన ఇళ్లలో పావలా, అర్ధణా అనే మాటలు ఎన్నేళ్లు వినిపించాయో, అక్కడి పెద్దవాళ్లు కూడా ఇళ్ల ధరలు, పొలాల ధరలు దశాబ్దాల తరబడి పాత ఫ్రాంకుల్లోనే చెప్పుకున్నారు. ఒక తేడా ఉంది. మన దగ్గర రూపాయి విలువ మారలేదు, దాని కింద చిల్లర లెక్కే మారింది. అక్కడ ఫ్రాంకే మారింది. అందుకే నోట్ల మీద ఆ మార్పు అంత స్పష్టంగా పడింది.

## ఏం చూసి ఎంచుకోవాలి

మొదటి ప్రశ్న: ఆ సంస్కరణ నోటు మీద కంటికి కనిపించాలా? పాత నోటు మీద కనిపించదు. కొత్త ఫ్రాంకు నోటు మీద ‘కొత్త’ అనే మాట వరకు కనిపిస్తుంది. రెండు విలువలున్న నోటు మీద మార్పు మొత్తం కళ్లముందే ఉంటుంది. ఇలా తర్వాత కొట్టిన అచ్చును ఫ్రెంచ్‌వాళ్లు సర్‌షార్జ్ అంటారు. డీలర్ల దగ్గర కూడా ఈ మాటే వినిపిస్తుంది కాబట్టి ఇకమీదట నేనూ అదే వాడతాను.

రెండోది, దొరకడం. సర్‌షార్జ్ నోట్లు మధ్యకాలానికి చేసినవి కాబట్టి మామూలు నోట్లతో పోలిస్తే బాగా తక్కువ అచ్చయ్యాయి. మిగిలినవీ తక్కువే.

మూడోది నోటు స్థితి. ఫ్రెంచ్ నోట్ల విషయంలో మన కలెక్టర్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఫ్రాన్స్‌లో నోట్ల కట్టలను గుండుసూదితో గుచ్చి పెట్టేవారు. అందువల్ల ఈ కాలపు నోట్లలో చాలావాటికి ఒక పక్కన చిన్నచిన్న సూది రంధ్రాలు ఉంటాయి. మన పాత నోట్లకు స్టేపుల్ రంధ్రాలు ఉన్నట్టే. మన దగ్గర 2001లో రిజర్వ్ బ్యాంకు వద్దని చెప్పేదాకా బ్యాంకులు కట్టలకు స్టేపుల్ పిన్నులు కొడుతూనే ఉన్నాయి కదా. సూది రంధ్రాలు చూసి బెదిరిపోయి మంచి నోటు వదులుకున్నవాళ్లు నాకు తెలుసు. అలాగే, రంధ్రం ఒక్కటి కూడా లేదంటూ చాలా ఎక్కువ అడిగితే ఇచ్చేసినవాళ్లూ తెలుసు. రంధ్రాలు లేని నోటుకు ఎక్కువ ధర పలకడం న్యాయమే. కానీ రెండు మూడు రంధ్రాలున్న గట్టి నోటు, రంధ్రాలు లేకపోయినా నీళ్లలో ఉతికి ఇస్త్రీ చేసిన నోటు కంటే ఎంతో మేలు.

ఫ్రెంచ్ డీలర్లు స్థితిని తమ మాటల్లోనే చెబుతారు. అన్నిటికంటే పైన నఫ్, అంటే కొత్తది. దాని కింద వరుసగా ఎస్‌పీఎల్, ఎస్‌యూపీ, టీటీబీ, టీబీ, బీ. మనకు అలవాటైన లెక్కలో నఫ్ అంటే అన్‌సర్క్యులేటెడ్, ఎస్‌యూపీ అంటే ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, టీటీబీ అంటే వెరీ ఫైన్, టీబీ అంటే ఫైన్ అని దాదాపుగా అనుకోవచ్చు. పీఎంజీ లాంటి గ్రేడింగ్ కంపెనీలు 70 వరకు అంకెల్లో గ్రేడు ఇచ్చి నోటును ప్లాస్టిక్ హోల్డర్‌లో సీలు చేసి ఇస్తాయి.

నాలుగోది బొమ్మ. దీన్ని చిన్న విషయం అనుకోకండి. ఆల్బమ్ తెరిచినప్పుడల్లా చూసేది మీరే.

నోటు ముఖవిలువ గురించి మాత్రం ఆలోచించకండి. ఫ్రాంకు నోట్లలో చివరివాటిని కూడా యూరోల్లోకి మార్చుకునే గడువు 2012 ఫిబ్రవరి 17తో ముగిసింది. ఇవి అంతకంటే ఎంతో ముందే చెల్లుబాటు పోగొట్టుకున్నాయి. ఏ బ్యాంకూ వీటికి పైసా ఇవ్వదు.

## ఒక్క చూపులో

కేటలాగుల్లో ఈ నోట్లకు రెండు రకాల నంబర్లు కనిపిస్తాయి. ఫ్రాన్స్‌లో ఫాయెట్ నంబరు, మిగతా ప్రపంచంలో పిక్ నంబరు. బేరం ఆడేటప్పుడు రెండూ తెలిసుంటే తికమక ఉండదు.

| నోటు | ముఖం | నోటు మీది తేదీలు | ఫాయెట్ | పిక్ | దొరకడం |
|---|---|---|---|---|---|
| 500 మీద 5 కొత్త ఫ్రాంకులు | విక్టర్ హ్యూగో | 1958, 1959 | 52 | 137 | అరుదు |
| 1000 మీద 10 కొత్త ఫ్రాంకులు | రిషెల్యూ (పదిహేడో శతాబ్దపు మంత్రి) | 1957 | 53 | 138 | అరుదే, వెతికితే దొరుకుతుంది |
| 5000 మీద 50 కొత్త ఫ్రాంకులు | నాలుగో హెన్రీ (ఫ్రాన్స్ రాజు) | 1958, 1959 | 54 | 139 | అరుదు |
| 10000 మీద 100 కొత్త ఫ్రాంకులు | బొనపార్ట్ (నెపోలియన్) | 1958 | 55 | 140 | అరుదే, వెతికితే దొరుకుతుంది |
| 5 కొత్త ఫ్రాంకులు | విక్టర్ హ్యూగో | 1959–1965 | 56 | 141 | తేలిక |
| 10 కొత్త ఫ్రాంకులు | రిషెల్యూ | 1959–1963 | 57 | 142 | చాలా తేలిక |
| 50 కొత్త ఫ్రాంకులు | నాలుగో హెన్రీ | 1959–1961 | 58 | 143 | కొంచెం కష్టం |
| 100 కొత్త ఫ్రాంకులు | బొనపార్ట్ | 1959–1964 | 59 | 144 | తేలిక |
| 500 కొత్త ఫ్రాంకులు | మొలియేర్ (నాటక రచయిత) | 1959–1966 | 60 | 145 | మంచి స్థితిలో కష్టం |

పట్టికలో పాత ఫ్రాంకు నోట్లు వేయలేదు. హ్యూగో 500 నోటు మీది తేదీలు 1954 నుంచి, రిషెల్యూ 1000 మీద 1953 నుంచి, బొనపార్ట్ 10000 మీద 1955 నుంచి, నాలుగో హెన్రీ 5000 మీద 1957 నుంచి మొదలవుతాయి. సర్‌షార్జ్ లేని ఈ పాతవి మామూలుగా సర్‌షార్జ్ నోట్ల కంటే చవక.

ధరలు అంకెల్లో రాయలేదు, కావాలనే. వేలం వేలానికీ మారిపోయే అంకెలు ఇక్కడ రాస్తే రేపు మీరే ఇబ్బంది పడతారు. వరుస మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకే స్థితిలో ఉన్న నోట్లు తీసుకుంటే అన్నిటికంటే చవక 10 రిషెల్యూ, ఆ పక్కనే 5 హ్యూగో. తర్వాత 100 బొనపార్ట్, ఆపైన 50 హెన్రీ, వీటన్నిటి మీద 500 మొలియేర్. ఏ బొమ్మకైనా సర్‌షార్జ్ నోటు ధర దాని మామూలు నోటు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది.

## సర్‌షార్జ్ నోట్లు

వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం తేదీ. రిషెల్యూ సర్‌షార్జ్ నోటు మీద 1957 మార్చి 7 అని ఉంటుంది. బొనపార్ట్ మీద 1958 అక్టోబరు 30. రెండూ ఆర్డినెన్స్ కంటే ముందు తేదీలే. అంటే ఆ నోటు పాత ఫ్రాంకు లోకంలో పుట్టి, నడిచే సమయానికి కొత్త ఫ్రాంకు లోకంలోకి వచ్చింది. చరిత్ర పుస్తకంలో ఒక పేరా చదివి వదిలేసే విషయం చేతిలో పట్టుకుంటే ఇలా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. నఫ్ స్థితిలో కావాలంటే చాలా ఖర్చు. మంచి నోటు కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. కొందరికి బొమ్మ మీద అదనపు అచ్చు నచ్చదు, డిజైన్ పాడైనట్టు అనిపిస్తుంది. అలా అనిపిస్తే మీరు ఈ నోటు కొనకండి, ఎన్నేళ్లయినా నచ్చదు.

నాలుగింట్లో మొదట రిషెల్యూ చూడమంటాను. హ్యూగో చిన్న విలువ నోటు. చిన్న నోట్లు సంతల్లో, చిల్లర దుకాణాల్లో బాగా నలిగిపోతాయి కాబట్టి శుభ్రంగా ఉన్నది దొరకడం కష్టం. నాలుగో హెన్రీ ఖరీదు. బొనపార్ట్ సర్‌షార్జ్ నాలుగింట్లోనూ పెద్దది, గోడకు పెట్టుకునేంత అందమైనది. బడ్జెట్ కొంచెం పెంచగలిగితే రిషెల్యూ బదులు అదే తీసుకున్నా నేను తప్పంటే తప్పు అనను.

## కొత్త ఫ్రాంకు నోట్లు

డిజైన్ పాతదే, విలువ ఒక్కటే మారింది. బొమ్మల వెనక ఒక చక్కటి పద్ధతి ఉంది. హ్యూగో పక్కన ఆయన సమాధి ఉన్న పాంథియోన్, వెనకవైపు ఆయన నివసించిన ప్లాస్ దే వోజ్. రిషెల్యూకు ఆయన కట్టించుకున్న పాలే రాయల్, వెనక ఆయన పేరుతోనే వెలసిన ఊరి ద్వారం. నాలుగో హెన్రీకి ఆయన కాలంలో పూర్తయిన పోన్ నఫ్ వంతెన, వెనక ఆయన పుట్టిన పో కోట. బొనపార్ట్‌కు ఆయన మొదలుపెట్టించిన ఆర్క్ ద త్రియోంఫ్, వెనక ఆయన సమాధి ఉన్న ఎన్వలీద్. మనిషినీ అతని రాళ్లనీ పక్కపక్కన పెట్టారు. పారిస్ ఎప్పుడైనా వెళ్లివచ్చినవాళ్లకు ఈ నోట్లు ఇంకో రకంగా నచ్చుతాయి.

10 రిషెల్యూ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చవక, దొరుకుతుంది, మంచి స్థితిలోనే కొనండి. 5 హ్యూగో కూడా అంతే. 5 ఫ్రాంకులకు 1960 నుంచి వెండి నాణెం కూడా ఉంది. విత్తులు చల్లే స్త్రీ బొమ్మ, 12 గ్రాముల బరువు. నోటూ నాణెమూ జతగా పెట్టుకుంటే ఆల్బమ్‌లో బాగుంటుంది.

100 బొనపార్ట్‌కు మాత్రం ఒక కథ ఉంది. పోలెండ్‌లో పుట్టిన చెస్వావ్ బోయార్‌స్కీ అనే ఇంజనీరు పారిస్ దగ్గర మోంజెరోన్‌లోని తన ఇంట్లో, ఒంటరిగా, కాగితం దగ్గర నుంచి వాటర్‌మార్క్ వరకు అన్నీ తానే తయారుచేసి ఈ నోటుకు నకిలీ అచ్చేశాడు. బ్యాంకు నిపుణులనే తికమకపెట్టేంత బాగా చేశాడు. 1964 జనవరిలో పట్టుబడ్డాడు, 20 ఏళ్ల శిక్ష పడింది. అతని చేతి నకిలీలు ఇప్పుడు అసలు నోట్ల కంటే ఎక్కువ ధరకు వేలంలో పోతాయి. 1964 తేదీల నుంచి నాటక రచయిత కొర్నెయ్ బొమ్మతో కొత్త 100 ఫ్రాంకుల నోటు వచ్చి బొనపార్ట్ స్థానం తీసుకుంది. మామూలు కొనుగోలుదారుకు ఇందులో భయపడాల్సింది పెద్దగా లేదు. ‘ఇది బోయార్‌స్కీ చేసిన నకిలీ’ అని చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే మాత్రం, నిపుణుల సర్టిఫికెట్ లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

50 హెన్రీ మీద మూడేళ్ల తేదీలే ఉన్నాయి. 1962 తేదీల నుంచి నాటక రచయిత రసీన్ బొమ్మ ఉన్న నోటు వచ్చేసింది. అందుకే ధర ఎక్కువ. ఇది మూడో నోటుగానో నాలుగో నోటుగానో కొనాల్సింది, మొదటిది కాదు.

ఇక మొలియేర్. 500 కొత్త ఫ్రాంకులు అంటే 50,000 పాత ఫ్రాంకులు. అంతకుముందు జనం చేతుల్లో తిరిగిన అతిపెద్ద నోటు 10,000. అంటే ఒక్క దూకులో ఐదు రెట్లు. అధికారిక నిర్వచనం ప్రకారం ఇది 90 గ్రాముల బంగారానికి సమానం, మన దుకాణాల లెక్కలో తొమ్మిది తులాలు. డాలర్లలో నూటొకటి. అంత విలువైన కాగితాన్ని ఎవరూ జ్ఞాపకంగా దాచుకోరు, బ్యాంకులో మార్చేసుకుంటారు. మంచి మొలియేర్ దొరకకపోవడానికి ఇదే కారణమని నేను అనుకుంటాను. దీనికి సర్‌షార్జ్ నోటు లేదు. కాబట్టి పాత ఫ్రాంకుల గతం లేకుండా కొత్త ఫ్రాంకుతోనే పుట్టిన ఒకే ఒక్క బొమ్మ ఇది. చూడముచ్చటైన నోటు, కానీ మొదటి కొనుగోలుకు కాదు.

## రీయూనియన్ నోట్లు, యానాం మాట

ఫ్రాన్స్ అనగానే మనకు యానాం గుర్తొస్తుంది. ఒక అపోహ ముందే తీసేస్తాను. యానాంలో, పుదుచ్చేరిలో ఈ బాంక్ ద ఫ్రాన్స్ (ఫ్రాన్స్ కేంద్ర బ్యాంకు) నోట్లు నడవలేదు. అక్కడ నడిచినవి బాంక్ ద లెందోషీన్ (ఇండోచైనా బ్యాంకు) వేసిన రూపాయి నోట్లు. పైగా యానాం 1954లోనే చేతులు మారింది, చట్టపరంగా బదిలీ పూర్తయింది 1962లో. కాబట్టి ‘మన యానాంలో వాడిన కొత్త ఫ్రాంకు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫ్రెంచ్ ఇండియా రూపాయి నోట్లు వేరే లోకం, చాలా అరుదు, చాలా ఖరీదు.

నిజమైన లంకె ఇంకో చోట ఉంది. 19వ శతాబ్దంలో యానాం రేవు నుంచి మనవాళ్లు కూలీలుగా ఓడలెక్కి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపానికి వెళ్లారు. ఆ ద్వీపంలో వేరే ఫ్రాంకు ఉండేది. అక్కడ ఒక కొత్త ఫ్రాంకుకు 50 స్థానిక ఫ్రాంకులు. అందువల్ల రీయూనియన్ నోట్ల మీద కొత్త విలువ వేసినప్పుడు 500 మీద 10, 1000 మీద 20 అని పడింది. ప్రధాన దేశంలో వందకు ఒకటి, ద్వీపంలో యాభైకి ఒకటి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోగలిగితే అంతకంటే మంచి జత నాకు తోచదు. కానీ ఇవి ప్రధాన దేశపు సర్‌షార్జ్ కంటే ఖరీదైనవి. తొందరపడి కొనాల్సినవి కావు. యానాం నుంచి ఓడలెక్కిన ఆ కూలీల కథ మీకు దగ్గరైతే, డబ్బు జమచేసుకుని ఒక్కటి కొనండి.

## ఎవరికి ఏది

ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు, విద్యార్థులు 10 రిషెల్యూ మంచి స్థితిలో తీసుకోండి. దాని పక్కనే సర్‌షార్జ్ లేని పాత 1000 రిషెల్యూ మధ్యస్థ స్థితిలో. రెండు నోట్లూ కలిపినా ఒక సర్‌షార్జ్ నోటు ధర కాదు. ‘ఒకే మనిషి, రెండు సున్నాలు తక్కువ’ అని ఇంట్లో పిల్లలకు చూపించి చెప్పొచ్చు.

ఒక్కటే నోటు కొనేవాళ్లకు ముందే చెప్పాను, రిషెల్యూ సర్‌షార్జ్. టీటీబీ స్థితి చాలు. మడతలుంటాయి, రెండు మూడు సూది రంధ్రాలుంటాయి. చిరుగులు లేకపోతే, అచ్చు మసకబారకపోతే సరిపోతుంది. ఈ నోటుకు విలువ తెచ్చేది ఆ సర్‌షార్జ్ అచ్చు, కాగితం మెరుపు కాదు.

సెట్ పూర్తిచేసే పట్టుదల ఉన్నవాళ్లు బొమ్మ వారీగా వెళ్లండి. పాతది, సర్‌షార్జ్, కొత్తది, ఇలా మూడేసి. మొదట రిషెల్యూ మూడు, తర్వాత బొనపార్ట్ మూడు, ఆపైన హ్యూగో, చివర్లో హెన్రీ. విలువ వారీగా సర్‌షార్జ్‌లు నాలుగూ ముందే కొందామని మొదలుపెట్టినవాళ్లు హెన్రీ దగ్గర విసిగిపోయి ఆపేస్తారు. మూడేసి పద్ధతిలో ప్రతి మూడు నోట్లకూ ఒక కథ పూర్తవుతుంది, ఎక్కడ ఆగినా లోటు అనిపించదు.

రేపు అమ్ముకుంటే లాభం వస్తుందా అని చూసేవాళ్లకు నా సలహా కొంచెం కటువుగా ఉంటుంది. చవకగా, విరివిగా దొరికే నోటు మధ్యస్థ స్థితిలో కొని లాభం ఆశించకండి. ఆ ఉద్దేశం ఉంటే గ్రేడింగ్ అయిన, పై స్థితిలోని సర్‌షార్జ్ లేదా మొలియేర్ మాత్రమే చూడండి. అప్పుడు కూడా కమిషన్, కొరియర్, కస్టమ్స్ కలిపి లెక్క వేసుకోండి. కొన్న ధరకే అమ్మగలిగితే అదృష్టం అనుకునే మనసు ఉంటేనే దిగండి.

అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. ఫ్రాన్స్‌లో ఉంటేనో, పారిస్‌కు వెళ్తేనో డీలర్ దగ్గర నోటు చేతిలో పట్టుకుని చూడొచ్చు. ఫొటో చూసి కొన్న పది నోట్ల కంటే చేత్తో చూసి కొన్న ఒక్క నోటు ఎక్కువ నేర్పుతుంది.

## కొనే ముందు

నా మొదటి ఫ్రెంచ్ నోటు 100 బొనపార్ట్. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ఎస్‌యూపీ అని రాసి పెట్టాడు. ఫొటోలో తళతళలాడుతోంది. ఇంటికి వచ్చాక వెలుతురులో వంచి చూస్తే మడతల గీతలన్నీ నీడల్లా కనిపించాయి. కాగితం మెత్తగా, ప్రాణం పోయినట్టు ఉంది. ఉతికి, ఒత్తి, ఆరబెట్టిన నోటు. తిరిగి తీసుకోనన్నాడు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. డబ్బు పోయినందుకు కాదు, అరవై ఏళ్లు నిలిచిన కాగితాన్ని ఎవరో రెండు రోజుల్లో పాడుచేసినందుకు.

అందుకే నేను ఇప్పుడు ఇవన్నీ అడుగుతాను. రెండు వైపులా ఫొటో, వెలుతురుకు అడ్డంగా పట్టి ఇంకో ఫొటో. అందులో వాటర్‌మార్క్, సూది రంధ్రాలు, అతికించిన చిరుగులు మూడూ బయటపడతాయి. వీలైతే యూవీ లైటు కింద ఒకటి. ఆ కాలపు నోటు కాగితం యూవీ కింద మసకగానే ఉండాలి. తెల్లగా నీలంగా మెరిస్తే డిటర్జెంటు తగిలిందనే అనుమానం.

సర్‌షార్జ్ నోటైతే మొదట తేదీ చూడండి. రిషెల్యూ సర్‌షార్జ్ అంటూ 1957 మార్చి 7 కాక ఇంకో తేదీ ఉన్న నోటు చూపిస్తే అక్కడే ఆగిపోండి. బొనపార్ట్‌కు 1958 అక్టోబరు 30. హ్యూగోకు 1958 అక్టోబరు 30 గానీ 1959 ఫిబ్రవరి 12 గానీ. హెన్రీకి 1958 అక్టోబరు 30 గానీ 1959 మార్చి 5 గానీ. తేదీ సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, సరిపోకపోతే మాత్రం కాదనే అర్థం. తర్వాత అదనపు అచ్చు అంచులను భూతద్దంతో చూడండి. ఇంటి ప్రింటర్‌తో వేసినది చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది.

వచ్చాక దాచుకునే విషయం. దయచేసి లామినేషన్ చేయించకండి. మన దగ్గర సర్టిఫికెట్లన్నీ లామినేషన్ చేయించే అలవాటు వల్ల ఎన్ని మంచి నోట్లు పోయాయో. వేడికి కాగితం ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది, మళ్లీ విడదీయలేం. పీవీసీ కవర్లు కూడా వద్దు, పాలియెస్టర్ కవర్లు తీసుకోండి. ఈ నోట్ల కొలత విలువతో పాటు పెరుగుతుంది, బొనపార్ట్, మొలియేర్‌లు మన నోట్ల కోసం చేసిన ఆల్బమ్ అరల్లో పట్టవు. పట్టడం లేదని మడిచి పెట్టకండి, పెద్ద అరల పేజీలు విడిగా దొరుకుతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆల్బమ్‌తో పాటు సిలికా జెల్ పొట్లం పెట్టి, వర్షాకాలంలో నెలకోసారి మార్చండి. బీరువాలో ఆల్బమ్‌ను పడుకోబెట్టి మీద బరువు పెట్టకుండా, నిలబెట్టి ఉంచండి.